బోస్టను తొట్టి, ఆరంగుళముల నీరు

1919 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము అమెరికాలోని బోస్టను రేవు ప్రక్కనున్న ఉక్కుతొట్టి యొకటి పగిలి, సుమారు 23 లక్షల గాలనుల మొలాసిస్, అనగా చెరకుమడ్డి, వీధులపై బడెను. 21 మంది మరణించిరి.

1915లో కట్టిన ఆ తొట్టి ఎత్తు 50 అడుగులు, వ్యాసము 90 అడుగులు. పని జరిపించిన అధికారి జమాఖర్చులు తెలిసినవాడే గాని ఇంజనీరు కాడు. అడుగున ఆరంగుళముల నీరు పోయించి, కారుట లేదని తృప్తిచెందెను. మడ్డి నీటికంటె సుమారు 1.4 రెట్లు బరువు. నిండు ఎత్తు నూరు రెట్లు. అనగా రాబోవు ఒత్తిడిలో 140వ వంతుతో పరీక్ష ముగిసినది! పిదప అతుకులు కారుచుండగా తొట్టికి గోధుమరంగు పూసిరి. కారినది కంటబడదు గదా!

ఈ లెక్కను విద్యార్థులు నల్లబల్లపైననే చేయవచ్చును. అడుగున ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 30 పౌన్లు. దానిని వ్యాసముచే, అనగా 1080 అంగుళములచే గుణించి, రేకు మందమైన 0.67 అంగుళమునకు రెట్టింపుచే భాగించినచో, రేకులోని ప్రతిబలము చదరపు అంగుళమునకు సుమారు 24,000 పౌన్లు. ఆ కాలపు ఇంజనీర్లు ఇంత భారమును రేకుపై మోపరు. మనిషి దూరు ద్వారము వంటి చోట్ల ఇది ఇంకను హెచ్చు. ఒకవైపు లాగబడు రేకులో గుండ్రని కన్నపు అంచున ప్రతిబలము మూడురెట్లగునని జర్మనీ దేశీయుడు కిర్ష్ 1898లోనే చూపియుండెను.

నేడు కంప్యూటరు రేకును వేలాది ముక్కలుగా విభజించి ప్రతిబలమును గణించును. ఈ పద్ధతికి ‘పరిమితాంశ పద్ధతి’ యని 1960లో పేరిడినవాడు క్లఫ్. అయినను ద్రవపు సాంద్రత, నిండు ఎత్తు, అడుగు బిగింపు, కన్నముల తావులు మనమే తెలుపవలెను.

బోస్టను వ్యాజ్యము 1925 వరకు సాగెను. ఎవరో బాంబు పెట్టిరన్న యజమానుల వాదము నిలువలేదు. తొట్టి బలహీనతయే కారణమని తేలెను.