తిథి తెలియని వాళ్ళ పండుగ

పోయినవాళ్ళ తిథి గుర్తున్న ఇల్లు ఒక విధంగా అదృష్టమైన ఇల్లే. గుర్తులేని వాళ్ళ మాటేమిటి? మన పెద్దలు దానికీ ఒక దారి చూపించారు. అదే భాద్రపద బహుళ అమావాస్య. పంచాంగంలో మహాలయ అమావాస్య, తెలంగాణ ఇళ్ళల్లో పెత్రామాస. ఏనాడు పోయారో తెలియని వాళ్ళందరికీ ఆ ఒక్కరోజు చాలునంటారు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మానవపాడు లాంటి నడిగడ్డ ఊళ్ళకి ఈ మాట విలువ బాగా తెలుసు. 2016 దాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు కూలీలంటే దేశమంతా తెలుసు గదా! ఆనకట్టలూ కాలవలూ కట్టడానికి మూటాముల్లే సర్దుకుని వెళ్ళినవాళ్ళు. వెళ్ళినవాళ్ళంతా తిరిగి రాలేదు. ఆలస్యంగా కబురందిన చావుకి తిథి ఎవరు చెబుతారు?

సముద్రాలకవతల మెక్సికోలోనూ ఇలాంటి పండుగే ఉంది. నవంబరు 1న పోయిన పిల్లల్నీ, 2న పెద్దల్నీ తలుచుకుంటారు. ఫోటోలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి, ఇంటిదారి తెలియాలని బంతిపూలు పరుస్తారు. 1521లో స్పెయిన్ వాళ్ళు అక్కడి ఆజ్టెక్ రాజ్యాన్ని గెలిచి తమ మతం తెచ్చినా, పాత ఆచారం చావలేదు. చర్చి పండుగలో కలిసిపోయి బతికింది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

చిత్రమేమిటంటే, ఆ బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోయే! పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికొచ్చిందంటారు. ఇవాళ బంతిపువ్వు లేని బతుకమ్మని ఊహించగలమా? పెత్రామాస పొద్దున పెద్దల పేర స్వయంపాకం ఇచ్చి, సాయంత్రం తంగేడు, గునుగులతో పాటు ఆ బంతినీ పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. పరాయి పువ్వు మన పువ్వయింది.

మరి మనవాళ్ళో? తర్పణంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, వీళ్ళ పేర్లూ చెప్పాలి. మీ ఇంట్లో అడిగి చూడండి. ముత్తాత పేరు టక్కున చెప్పినవాళ్ళు ముత్తవ్వ పేరు దగ్గర తడుముకుంటారు. "ఫలానావారి భార్య" అన్నంతవరకే ఆవిడ మిగిలింది. పెద్దలకి వండేది మనం, ఎవరికేది ఇష్టమో గుర్తుంచుకునేదీ మనమే. తీరా జారిపోతున్నవి మాత్రం మన పేర్లే!

తిథి తెలియకపోతే అమావాస్య ఉంది. పోయిన పేరు తెచ్చిచ్చే పంచాంగం లేదు. ఈసారి పెత్రామాసకి గుమ్మడికాయ తరిగేటప్పుడు, ఇంట్లో అందరికన్నా పెద్దావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఆవిడ చెప్పిన పేర్లు పాలపద్దు పుస్తకంలో కాదు, పదికాలాలుండే చోట రాసుకోండి.