కుంపటి నుంచి డీజిల్ హీటర్ దాకా: నిప్పునూ ఊపిరినీ వేరు చేసిన కథ



పోయిన నెల మా మేనల్లుడూ, అతని స్నేహితులిద్దరూ ఒక పాత వ్యాన్ తెచ్చి మా వాకిట్లో నిలబెట్టారు. లోపల మంచాలు, చిన్న పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, సామాను పెట్టెలు ఉన్నాయి. మన తాతల కాలపు గూడుబండికి ఇంజను తగిలించినట్టుంది. చలికాలంలో లద్దాఖ్ పోతారట. రాత్రుళ్ళు వ్యాన్‌లోనే పడుకోవాలి కనుక డీజిల్‌తో మండే హీటరు కూడా బిగించుకొచ్చారు. "మామా, బయలుదేరే ముందు మీరొకసారి చూడండి" అన్నాడు.

హోసూరులో ఉండే మాకు లారీలు, బస్సులు కొత్త కాదు. 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారం ఇక్కడికి వచ్చాక మన వాళ్ళలో ఎందరికో ఇంజన్ల పనే బతుకుతెరువైంది. అయినా వ్యాన్‌లో చలికి హీటరు అన్నది మన ఊళ్ళో అవసరం పడని వస్తువు. వంగి చూశాం. హీటరు సీటు కింద ఉంది. దాని పొగగొట్టాన్ని ఆ సీటు కిందే రెండు ముక్కలుగా అతికించి, ఆ తర్వాత నేలకు చేసిన రంధ్రంలోంచి బయటికి దించారు. అంటే అతుకు వీళ్ళు పడుకునే చోటే ఉంది. "క్లిప్పు గట్టిగానే బిగించారు కదా మామా" అన్నారు పిల్లలు. మాకు మాత్రం మా నాయనమ్మ చెప్పిన కుంపటి సంగతి గుర్తొచ్చింది.

నాయనమ్మ బాలింతగా ఉన్నప్పటి మాట. వానాకాలం, చలిగాలి. బాలింతకు గాలి తగలకూడదని తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కి, బొగ్గుల కుంపటి లోపల పెట్టారు. అర్ధరాత్రి తాత తలుపు తడితే బదులు లేదు. గొళ్ళెం ఊడేలా తోసి లోపలికి పోతే తల్లీ, తోడు పడుకున్న అవ్వా లేవలేని స్థితిలో ఉన్నారు. బిడ్డతో సహా అందరినీ అరుగు మీదికి మోసుకొచ్చాక గానీ తేరుకోలేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. నిజంగా సోకింది గాలే. అయితే దెయ్యపు గాలి కాదు, కార్బన్ మోనాక్సైడ్.

బొగ్గు గానీ, డీజిల్ గానీ గాలి చాలక సగం సగంగా మండినప్పుడు పుట్టే వాయువు ఇది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత నిద్ర. నిద్రలో ఉన్నవాడికి ఆ తలనొప్పి హెచ్చరిక కూడా అందదు. ఉత్తర భారతంలో ప్రతి చలికాలమూ మూసిన గదుల్లో అంగీఠీ పెట్టుకుని చనిపోయినవారి వార్తలు మనం చదువుతూనే ఉంటాం.

బండ్లలో వెచ్చదనం చరిత్ర అంతా ఈ ఒక్క చిక్కుతో జరిగిన పోరాటమే. నిప్పు దగ్గర ఉండాలి, దాని పొగ దగ్గర ఉండకూడదు.

తొలి మోటారు కార్లకు హీటర్లు లేవు. చలిదేశాల వాళ్ళు కంబళ్ళు కప్పుకుని, కాళ్ళ దగ్గర వేడి ఇటుకలు పెట్టుకుని పోయేవారు. తర్వాత ఇంజను పొగగొట్టం చుట్టూ గాలి తిప్పి ఆ వేడిని లోపలికి పంపారు. గొట్టం తుప్పు పట్టి చిల్లు పడితే పొగ కూడా లోపలికే వచ్చేది. రేడియేటర్‌లోని వేడినీళ్ళతో కారును వెచ్చబరచే పద్ధతి దానికంటే క్షేమమైనది. కానీ అదీ ఇంజను తిరిగినంతసేపే. 1930లలో అమెరికాలో స్టీవర్ట్ వార్నర్ కంపెనీ 'సౌత్ విండ్' అనే పెట్రోలు హీటరు అమ్మింది. అది కొద్దిపాటి పెట్రోలును విడిగా మండించి, పొగను ఇంజను పీల్చుకునేలా చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లోనూ పెట్రోలు హీటర్లు వాడారు.

జర్మనీలో కథ ఇంకో దారి పట్టింది. 1950లో వోక్స్‌వ్యాగన్ చిన్న బస్సు వచ్చింది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా సంస్థ అందులో పడకలు, అరలు అమర్చి ఇల్లుగా మార్చింది. ఈనాటి క్యాంపర్ వ్యాన్లకు అది పెద్దన్న. ఆ బస్సు ఇంజను వెనుక ఉండేది, గాలితో చల్లబడేది. రేడియేటరే లేనప్పుడు వేడినీళ్ళు ఎక్కడివి? పొగగొట్టం చుట్టూ తిరిగిన గాలి ముందుదాకా వచ్చేసరికే చల్లారిపోయేది. ఇంజను ఆపితే ఆ కాస్తా ఆగిపోయేది. అందుకే ఇంజనుతో పని లేకుండా మండే పెట్రోలు హీటరును విడిగా పెట్టించుకునేవారు. వాటిని చేసిన సంస్థ ఎబర్‌స్పేషర్.

ఇక్కడ ముచ్చటైన సంగతి ఒకటుంది. ఈ రంగంలో పేరుమోసిన రెండు సంస్థలదీ ఒకే ఊరు, ఎస్‌లింగెన్. 1865లో యాకబ్ ఎబర్‌స్పేషర్ అక్కడ రేకుపని దుకాణం పెట్టాడు. 1901లో అదే ఊళ్ళో విల్‌హెల్మ్ బయర్ ఇంకో సంస్థ మొదలుపెట్టి, 1908లో మ్యూనిక్ దగ్గరి స్టాక్‌డార్ఫ్‌కు తరలించాడు. తన పేరులోని, ఊరి పేరులోని ముక్కలు కలిపి వెబాస్టో అన్నాడు. రెండూ రేకు, లోహం పనితో మొదలైనవే. పొగ జారని పెట్టె చేయాలంటే ముందు రేకుపని రావాలి మరి.

పెట్రోలు ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది. డీజిల్ అంత తొందరగా అంటుకోదు, పైగా లారీ ట్యాంకులో ఎలాగూ ఉంటుంది. రాత్రంతా వెచ్చదనం కోసం పెద్ద లారీ ఇంజను ఊరికే తిప్పితే గంటకు రెండు మూడు లీటర్లు ఖర్చు. 2 కిలోవాట్ల డీజిల్ హీటరుకు గంటకు సుమారు 0.1 నుంచి 0.28 లీటరు చాలు. లారీ క్యాబిన్లలో అది స్థిరపడింది. ఈమధ్య చైనాలో అదే నమూనాలో చవకగా తయారవడంతో మన పిల్లల వ్యాన్ దాకా వచ్చింది.

దాని లోపల జరిగేది సులువైన పనే. చిన్న పంపు టిక్కు టిక్కుమంటూ చుక్క చుక్కగా డీజిల్ పంపుతుంది. గ్లో ప్లగ్ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది. మంటకు కావలసిన గాలి బండి కింది నుంచి ఒక గొట్టంలో వచ్చి, పొగగా మరో గొట్టంలో బండి కిందికే పోతుంది. మనం పీల్చే గాలి వేడెక్కిన లోహపు పెట్టెను బయటినుంచి తడుముకుంటూ పోతుంది. రెండు గాలులూ ఎక్కడా కలవవు. కుంపటికీ దీనికీ ఉన్న తేడా అంతా ఇదే.

కనుక బిగించేటప్పుడు పాటించాల్సినవన్నీ ఆ గీత చెరగకుండా చూసుకోవడానికే. హీటరు కింద లోహపు పలక, రబ్బరు వేసి నేల రంధ్రాన్ని పూర్తిగా మూయాలి. పొగగొట్టానికి బండి లోపల ఒక్క అతుకు కూడా ఉండకూడదు. అది కిందికి వాలుగా పోవాలి. కొస కిటికీ కిందకో, గాలి పీల్చే గొట్టం పక్కకో రాకూడదు. కరెంటు తీగలకూ డీజిల్ గొట్టానికీ దూరంగా ఉండాలి. ఆపేటప్పుడు బ్యాటరీ స్విచ్ టక్కున తీసేయకూడదు. ఫ్యాన్ తిరిగి పెట్టె చల్లారేదాకా ఆగాలి.

డీజిల్ సంగతి ఇంకో అధ్యాయం. గొట్టం సన్నగా, గట్టిగా ఉండాలి, గాలి బుడగలు చేరకూడదు. పంపును వాలుగా, డీజిల్ బయటికి వచ్చే కొస పైకి ఉండేలా పెట్టాలి. ట్యాంకులో దించే గొట్టం అడుగు తాకకూడదు. అప్పుడు మడ్డి పీల్చదు, హీటరు ఎంత తాగినా బండి కదలడానికి కాస్త మిగులుతుంది.

అసలు చిక్కు చలిలో ఉంది. డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి గడ్డకడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ పారడం మానే ఉష్ణోగ్రత చలికాలంలో 3 డిగ్రీలు, వేసవిలో 15 డిగ్రీలు మించకూడదు, అంతే. లేహ్‌లో జనవరి రాత్రులు మైనస్ 10 దాటిపోతాయి. అందుకే అక్కడి డ్రైవర్లు డీజిల్‌లో కిరసనాయిలు కలుపుకునేవారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను పానిపట్ రిఫైనరీలో తయారుచేసి లద్దాఖ్‌కు పంపింది. మన వాళ్ళు దారిలో నింపిన డీజిల్ అయిపోవచ్చినప్పుడు, చలి ముదరకముందే ఆ డీజిల్ పోయించుకోవాలి. హీటరు గొట్టంలో, పంపులో కూడా కొత్త డీజిల్ పారేదాకా కాసేపు నడపాలి.

మరొకటి, లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ గాలి మన సముద్రతీరపు గాలిలో మూడింట రెండు వంతులే. డీజిల్ చుక్కలు అవే ఉండి గాలి తగ్గితే మంట సగం సగంగా మండుతుంది. మసి పడుతుంది, మళ్ళీ అదే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. 1500 మీటర్లు దాటితే పంపు వేగం తగ్గించే ఏర్పాటు ఉన్న హీటరే వాడాలి.

ఇదంతా పిల్లలకు చెప్పాం. బిగించినవాళ్ళ దగ్గరికి పోతే "అందరికీ ఇలాగే చేస్తున్నాం" అన్నారట. మాకు దిగులు కలిగించింది ఆ మాటే. చివరికి మేమే ఆ గొట్టం విప్పి, అతుకు లేని ఒకటే గొట్టం నేల కిందికి దించాం. దిండ్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించాం. రాత్రి వాకిట్లోనే హీటరు వేసి, తలుపులు మూసి, మేనల్లుడితో పాటు మేమూ లోపల కూర్చున్నాం. రెండు గంటలైనా అలారం మోగలేదు. నాయనమ్మ ఉంటే ఈ పెట్టెను చూసి ఏమనేదో.

మన సంఘంలో బండి కట్టుకుని చలి ప్రాంతాలకు పోయే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పోయే ముందు ఆ సీటు కింద ఒక్కసారి వంగి చూడమని చెప్పండి. మీ ఇళ్ళలో పెద్దలు చెప్పిన కుంపటి సంగతులుంటే అవీ రాయండి, మేము చదువుతాం.