ఇల్లు కొనేముందు నీటి కాఠిన్యం: తెలుసుకోదగిన విషయాలు

కోలారు, చిక్కబళ్లాపురం, బళ్లారి, హోసూరు ప్రాంతాలలో ఇల్లు కొనదలచినవారు దస్తావేజులు, వాస్తు, రహదారి వెడల్పు మొదలైనవాటిని నిశితంగా పరిశీలిస్తారు. కుళాయి నీటిని మాత్రం ఒక గుక్కెడు రుచి చూచి ఊరకుండడం పరిపాటి. ఈ నేలలు అధికభాగం గట్టి రాతినేలలు. కొత్త లేఅవుట్లలో పెక్కింటికి బోరుబావియే ఆధారం. ఆ నీటి స్వభావం తెలియకుండా అడ్వాన్సు ఇచ్చినవారికి తరువాత గీజర్లు, గొట్టాలు మార్చే ఖర్చు తప్పదు. ఒక్కొక్కచోట ఆరోగ్యానికే ముప్పు వాటిల్లుతుంది.

కాఠిన్యమంటే ఏమిటి?

వాననీరు మృదువైనది. అది నేలలోనికి ఇంకి, రాతిపొరల సందులలో నిలిచినప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. ఈ లవణాల వలన నీటికి కలిగే గుణమే కాఠిన్యం. ఇటువంటి నీటిని తెలుగులో కఠినజలమనీ, కన్నడంలో గడసు నీరనీ, తమిళంలో కడిన నీరనీ అంటారు. వాడుకలో ఉప్పునీళ్లు అన్నప్పటికీ, ఉప్పదనమూ కాఠిన్యమూ ఒకటి కావు.

బైకార్బొనేట్ల వలన కలిగేది తాత్కాలిక కాఠిన్యం. నీటిని మరగిస్తే అది తొలగి, గిన్నె అడుగున తెల్లని పొరగా మిగులుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగేది శాశ్వత కాఠిన్యం. అది మరగించినా పోదు.

ఇంటిలో కనిపించే గుర్తులు

సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. కందిపప్పు త్వరగా ఉడకదు. బకెట్లపై, కుళాయి మూతులపై తెల్లని మరకలు పేరుకొంటాయి. గీజరు లోపలి కాయిలుపై గట్టి పొర ఏర్పడి, నీరు కాగడానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. అమ్మకానికి ఉన్న పాత ఇంటిలో స్నానాల గది గోడలను, షవరు రంధ్రాలను చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. కొత్తగా రంగులు వేసిన ఇంటిలో ఈ ఆనవాళ్లు దొరకవు గనుక పరీక్ష అవసరం.

ప్రమాణాలు

తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరు నీటిలో మొత్తం కాఠిన్యం 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం అంగీకారయోగ్యం. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతి ఉన్నది. ఫ్లోరైడునకు ఈ హద్దులు 1.0, 1.5 మిల్లీగ్రాములు.

సాఫ్ట్‌నరు చేసే పని

సాఫ్ట్‌నరు తొట్టిలో సన్నని రెసిన్ గింజలు ఉంటాయి. నీరు వాటి గుండా పారేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం గింజలకు అంటుకొని, వాటి స్థానంలో సోడియం నీటిలో చేరుతుంది. గింజల శక్తి తరిగిన తరువాత గాఢమైన ఉప్పునీటితో కడిగితే అవి తిరిగి పనికివస్తాయి.

ఎంత పరికరం కావలెనో లెక్క వేసుకొనవచ్చును. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 లీటర్లు. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యమున్నచో రోజుకు తొలగించవలసినది 270 గ్రాములు. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములను పట్టుకొంటుందనుకొంటే, 25 లీటర్ల రెసిన్ నాలుగున్నర రోజులకు సరిపోతుంది. ఒక్కొక్క కడుగుడుకు సుమారు 3 నుండి 4 కిలోల చొప్పున నెలకు 20 నుండి 25 కిలోల ఉప్పు అవసరం. ఈ ఖర్చు ప్రతినెలా ఉంటుందని కొనేవారు గుర్తించవలెను.

కడిగిన ఉప్పునీటిని చెట్ల పాదులకు, ఇంకుడు గుంతలకు వదలరాదు. అది నేలను చవుడు చేసి, చివరకు భూగర్భజలాన్నే పాడుచేస్తుంది.

సాఫ్ట్‌నరు చేయలేని పని

ఇంటికి సాఫ్ట్‌నరు ఉన్నది గనుక నీరు మంచిదేనని అమ్మేవారు చెప్పడం కద్దు. ఇది సరికాదు. సాఫ్ట్‌నరు ఫ్లోరైడును గాని, నైట్రేటును గాని, సూక్ష్మజీవులను గాని తొలగించదు. కాఠిన్యం వలన ఇబ్బందే అధికం. ఫ్లోరైడు వలన కలిగేది హాని. పిల్లల పళ్లపై మచ్చలు, పెద్దల ఎముకలు బిగుసుకొనిపోవడం దాని ఫలితాలు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కోసం హొగెనకల్ తాగునీటి పథకాన్ని చేపట్టడానికి ముఖ్యకారణం ఫ్లోరోసిస్. ఆ పథకం 2013లో ప్రారంభమైనది.

ఫ్లోరైడునకు రంగు, రుచి, వాసన లేవు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో అది ఎక్కువగా ఉండే అవకాశమున్నది. కనుక సబ్బు బాగా నురగ వచ్చినంత మాత్రాన నీరు తాగదగినదని తలపరాదు. మరగించినా ఫ్లోరైడు పోదు.

కాఠిన్యంలో ప్రతి 100 మిల్లీగ్రాములు తొలగినప్పుడు 46 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరుతుంది. రక్తపోటు కారణంగా ఉప్పు తగ్గించవలసినవారు ఈ నీటిని తాగరాదు. స్నానానికి, బట్టలకు మాత్రమే సాఫ్ట్‌నరు నీటిని వాడి, వంటగదికి వేరు గొట్టం వేయించుకొనడం మేలు. ఫ్లోరైడు ఉన్నచోట తాగడానికి, వంటకు ఆర్‌ఓ వంటి పరికరం వేరుగా అవసరం.

పరీక్ష చేయించే విధానం

కొందరు చేతిలో పట్టే టీడీఎస్ మీటరు చూపి తృప్తిపరచ జూస్తారు. అది నీటిలో కరిగిన మొత్తం లవణాలను అంచనా వేస్తుందే గాని, కాఠిన్యాన్నీ ఫ్లోరైడునూ విడదీసి చెప్పదు.

బోరు మోటారును పది నిమిషాలు నడిపి, ఆ నీటితోనే శుభ్రమైన సీసాను మూడుసార్లు తొలచి, నిండుగా పట్టి, వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చవలెను. సాఫ్ట్‌నరు ఉన్న ఇంటిలో దానికి ముందున్న కుళాయి నుండి ఒకటి, తరువాతి కుళాయి నుండి ఒకటి పట్టవలెను. జిల్లా కేంద్రాలలోని ప్రభుత్వ నీటి పరీక్షాకేంద్రాలు రుసుము తీసుకొని పరీక్ష చేస్తాయి. కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మొత్తం లవణాలు అనే ఐదింటినీ కోరవలెను. ఇనుము ఎక్కువైతే రెసిన్ త్వరగా పాడవుతుంది. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాలవారే ఇచ్చే ప్రత్యేకమైన సీసా వాడవలెను.

అడ్వాన్సుకు ముందు అడగవలసినవి

బోరు లోతెంత? వేసి ఎన్నేళ్లయినది? వేసవిలో నీరు అందుతుందా, ట్యాంకరు తెప్పిస్తారా? నదినీటి కనెక్షన్ ఉన్నదా, వారానికి ఎన్నిరోజులు వస్తుంది? సాఫ్ట్‌నరు ఉన్నచో రెసిన్ ఎప్పుడు మార్చారు? ఇరుగుపొరుగువారిని అడిగినచో ఈ జవాబులలోని నిజానిజాలు తేలిపోతాయి.

వానల తరువాత, వేసవిలో నీటి గుణం మారుతుంది గనుక వీలైతే రెండు కాలాలలోనూ పరీక్షించడం ఉత్తమం. ఒక్కసారే వీలైనచో వేసవి పరీక్షకే ప్రాధాన్యమివ్వవలెను. ఇంటి ధరతో పోల్చితే పరీక్ష రుసుము అత్యల్పం. దస్తావేజుల నకళ్లతో పాటు నీటి పరీక్ష పత్రాన్ని కూడ చేతికి తీసుకొన్న తరువాతనే బేరం ముగించుకొనడం వివేకం.