పేరొకరిది, పనితనమొకరిది: షార్త్రూజ్ సీసాల కథ

అమెరికాలో బట్టల దుకాణాలకో, గోడల రంగులు కొనడానికో వెళ్ళిన వారికి ‘షార్త్రూజ్’ అనే రంగు పేరు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. పసుపు బాగా కలిసిన లేతాకుపచ్చ అది. ఈ రంగుకు ఆ పేరు ఒక ఫ్రెంచి మద్యం నుంచి వచ్చింది. ఆ మద్యానికి ఒక మఠం నుంచి, ఆ మఠానికి తానున్న కొండల నుంచి వచ్చింది.

మహాసభల ప్రత్యేక సంచికలో మద్యం మీద వ్యాసమేమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. దీన్ని తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ పానీయం పాత సీసాల కోసం ఫ్రాన్సులోనూ, స్పెయిన్‌లోనూ, అమెరికాలోనూ వెతుకులాడే సేకర్తలు చాలామంది ఉన్నారు. నాణేలు, తపాలా బిళ్ళలు పోగుచేసే వారిలాగే వీరూ ప్రతి చిన్న గుర్తునూ భూతద్దం పెట్టి చూస్తారు. ఎందుకంటే ఒకప్పుడు పాతికేళ్ళకు పైగా ఈ పానీయం పేరు ఒకరి చేతిలో, దాన్ని చేసే విద్య మరొకరి చేతిలో ఉన్నాయి. దేశం నుంచి వెళ్ళగొట్టిన మనిషి వెంట ఏది వెళుతుంది, ఏది వెనక ఉండిపోతుంది? సముద్రం దాటి వచ్చిన మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

మందుగా పుట్టిన పానీయం

ఫ్రాన్సు ఆగ్నేయ భాగంలో, గ్రెనోబుల్ నగరానికి ఉత్తరాన షార్త్రూజ్ అనే కొండల వరుస ఉంది. 1084లో బ్రూనో అనే క్రైస్తవ గురువు ఆరుగురు సహచరులతో అక్కడికి వెళ్ళి ఏకాంత జీవితం మొదలుపెట్టాడు. అలా పుట్టిన కార్తూసియన్ సంప్రదాయానికి మౌనమే ప్రధాన నియమం. సన్యాసులు రోజులో ఎక్కువ భాగం ఎవరి గదిలో వారు ఒంటరిగా గడుపుతారు. 2005లో వచ్చిన ‘ఇంటూ గ్రేట్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీ ఈ మఠం గురించినదే. దాని దర్శకుడు ఫిలిప్ గ్రోనింగ్ 1984లో అనుమతి అడిగితే, మఠం నుంచి ‘సరే’ అన్న జవాబు పదహారేళ్ళకు వచ్చింది. వారి కాలమానం అలాంటిది.

1605లో మార్షల్ దెస్త్రే అనే ఫ్రెంచి ప్రముఖుడు పారిస్ దగ్గరున్న ఈ సంప్రదాయపు మఠానికి ఒక చేతిరాత ప్రతి ఇచ్చాడు. అందులో ఎన్నో మూలికలతో చేసే ఒక దీర్ఘాయువు మందు తయారీ ఉంది. అది ఎంత చిక్కుగా ఉందంటే, దాన్ని పూర్తిగా విప్పడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. కొండల్లోని ప్రధాన మఠంలో మందుల పని తెలిసిన బ్రదర్ జెరోమ్ మోబెక్ దానితో కుస్తీ పట్టి, 1737 నాటికి ఒక యోగం తేల్చాడు. అదే ‘ఎలిక్సిర్’. అందులో 69 శాతం ఆల్కహాల్ ఉంటుంది. గ్లాసులో పోసుకునేది కాదు, చుక్కల లెక్కన పుచ్చుకునేది. మన వైద్యుల ద్రాక్షారిష్టం సీసాలాగా ఇదీ మందుల అలమారలో ఉండేది. బ్రదర్ చార్ల్స్ అనే సన్యాసి కంచరగాడిద మీద సీసాలు వేసుకుని గ్రెనోబుల్, షాంబెరీ బజార్లకు తీసుకువెళ్ళి అమ్మేవాడు.

జనానికి మందు కన్నా రుచి నచ్చింది. దాంతో ఘాటు తగ్గించిన ఆకుపచ్చ రకం వచ్చింది. ఇప్పుడు అందులో ఆల్కహాల్ 55 శాతం. పందొమ్మిదో శతాబ్దం నడిమికి ఇంకా మెత్తగా, తియ్యగా ఉండే పసుపు రకం కూడా తోడైంది. 130 రకాల మొక్కలు, ఆకులు, వేర్లు, పువ్వులు ఇందులో పడతాయని మఠం చెబుతుంది. వాటి పేర్లూ పాళ్ళూ మాత్రం చెప్పదు. పచ్చరంగు కృత్రిమం కాదు, మొక్కల నుంచి వచ్చేదే. మూలికలను ఆల్కహాల్‌లో నానబెట్టి, బట్టీ పట్టి, తీపి కలిపి, ఓక్ పీపాల్లో కొన్నేళ్ళు ఉంచుతారు. ఏ సమయంలోనైనా పూర్తి వివరం తెలిసినవారు మఠంలో ఇద్దరు ముగ్గురికి మించరు.

చేతులు మారిన కాగితం

ఫ్రెంచి విప్లవం వచ్చినప్పుడు మఠాలు మూతపడ్డాయి, సన్యాసులు చెల్లాచెదురయ్యారు. తయారీ ప్రతి ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ చివరకు గ్రెనోబుల్‌లో లియొతార్ అనే మందుల వ్యాపారి దగ్గరకు చేరింది. రహస్య ఔషధాల తయారీ వివరాలన్నీ ప్రభుత్వానికి పంపాలని 1810లో నెపోలియన్ ఆజ్ఞ వేశాడు. లియొతార్ తన దగ్గరున్నది పంపాడు. పారిస్ అధికారులు దాన్ని చూసి పనికిరాదని తిప్పి పంపేశారు. సన్యాసులు 1816లో కొండల్లోని మఠానికి తిరిగివచ్చారు. లియొతార్ పోయాక అతని వారసులు ఆ కాగితాన్ని మఠానికే ఇచ్చేశారు.

ఆ తరువాత వ్యాపారం బాగా పెరిగింది. మఠానికి దూరంగా, 1860లలో ఫూర్‌వోరీ అనే చోట పెద్ద బట్టీశాల కట్టారు. సీసాలు దేశదేశాలకు వెళ్ళాయి.

1903: వెళ్ళిపొమ్మన్నారు

ఫ్రాన్సులో ప్రభుత్వానికీ చర్చికీ తగువు ముదిరిన రోజులవి. మత సంఘాలన్నీ ప్రభుత్వ అనుమతి పొందాలని 1901లో చట్టం వచ్చింది. కార్తూసియన్లకు ఆ అనుమతి దక్కలేదు. 1903 ఏప్రిల్ 29న సైనికులు వచ్చి సన్యాసులను మఠం నుంచి బయటికి పంపారు. బట్టీశాల, సరుకు, ట్రేడ్‌మార్క్ అన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వాటిని పరిష్కరించడానికి నియమితుడైన అధికారి లెకుత్యురియె. అతని ద్వారా ఆ ఆస్తి, దాంతో పాటు షార్త్రూజ్ అనే పేరు, కుజెనియె అనే మద్యం కంపెనీ వైపు వెళ్ళాయి.

కంపెనీకి భవనం దక్కింది, రాగి పాత్రలు దక్కాయి, పేరు దక్కింది. పాళ్ళు దక్కలేదు. రుచి దగ్గరగా వచ్చేలా ఏదో చేసి పాత పేరుతో అమ్మారు. సన్యాసులు స్పెయిన్‌లో మధ్యధరా తీరాన ఉన్న తర్రగోనా పట్టణంలో బట్టీ పెట్టి, ఎప్పటిలాగే అసలు పానీయం చేయడం మొదలుపెట్టారు. కానీ సొంత దేశంలో సొంత పేరు పెట్టుకుని అమ్ముకునే హక్కు వారికి లేదు. అందుకని సీసా మీద ‘తర్రగోనాలో కార్తూసియన్ ఫాదర్లు చేసిన లిక్యూర్’ అన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు. ఫ్రాన్సులో తెలిసినవారు దుకాణంలో షార్త్రూజ్ అడగడం మానేసి ‘తర్రగోన్ ఒకటి ఇవ్వండి’ అనేవారు.

అమెరికా సుప్రీంకోర్టులో

ఈ తగాదా సముద్రం దాటి మనం ఉంటున్న దేశానికీ వచ్చింది. న్యూయార్క్‌లోని కుజెనియె కంపెనీ కొత్త సరుకును షార్త్రూజ్ పేరుతో అమ్ముతుంటే సన్యాసుల తరఫున దావా వేశారు. బాగ్లిన్ వర్సెస్ కుజెనియె కంపెనీ అనే ఆ కేసులో 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ చార్ల్స్ ఇవాన్స్ హ్యూస్.

తీర్పు సారాంశం ఇది. ఫ్రాన్సు ప్రభుత్వం తన నేల మీద ఉన్న ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు గాక. ఆ చట్టం అమెరికా గడ్డ మీద సన్యాసులకు ఉన్న ట్రేడ్‌మార్క్ హక్కును లాగేసుకోలేదు. ఇక్కడి కొనుగోలుదారుకు షార్త్రూజ్ అంటే ఆ సన్యాసులు చేసినది అనే అర్థం. కాబట్టి ఇంకొకరు అదే పేరుతో అమ్మదలిస్తే, అది సన్యాసులు చేసినది కాదని స్పష్టంగా తెలియజేయాలి. అంతకు ముందు ఏడాది బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా సన్యాసుల పక్షానే తీర్పునిచ్చింది. పుట్టిన దేశంలో పోగొట్టుకున్న పేరు పరాయి దేశాల న్యాయస్థానాల్లో నిలబడింది!

తిరుగు ప్రయాణం

ఫ్రాన్సులో పేరు కొనుక్కున్న వ్యాపారం నిలదొక్కుకోలేదు. 1929లో ఆ కంపెనీ దివాలా తీసింది. సన్యాసుల మేలు కోరే స్థానికులు కారుచౌకగా వాటాలు కొని వారికే కానుకగా ఇచ్చారు. పేరూ పనితనమూ మళ్ళీ ఒకచోట చేరాయి. ఫూర్‌వోరీలో తయారీ మొదలైంది కానీ, 1935 నవంబరులో కొండచరియలు విరిగిపడి ఆ బట్టీశాల ధ్వంసమైంది. పనిని దగ్గరలోని వ్వారోన్ పట్టణానికి మార్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, సన్యాసులు అసలు మఠంలో మళ్ళీ అడుగుపెట్టారు.

తర్రగోనా బట్టీని మాత్రం వెంటనే మూసేయలేదు. అక్కడ 1989 దాకా తయారీ సాగింది. ఈ పానీయం ఆ ఊరిదైపోయింది. ఏటా సెప్టెంబరులో జరిగే శాంతా తెక్లా ఉత్సవంలో తర్రగోనా జనం నిమ్మకాయ మంచులో షార్త్రూజ్ కలుపుకుని తాగుతారు. బట్టీ మూతపడినా ఆ అలవాటు పోలేదు.

సీసాను చదవడం

ఇంత చరిత్ర ఉంది కాబట్టే సేకర్తలకు సీసా ఎక్కడ, ఎప్పుడు పుట్టిందన్నది ముఖ్యం. 1903కు ముందు ఫూర్‌వోరీలో చేసినవి, సన్యాసులు లేని కాలంలో కంపెనీ చేసినవి, తర్రగోనావి, వ్వారోన్‌వి: ఈ నాలుగూ నాలుగు కుటుంబాలు. లేబుల్ మీద పాత, ప్రసిద్ధమైన పేరు ఉన్నంత మాత్రాన అది సన్యాసుల చేతిదని చెప్పలేం. పేరు మార్చుకున్న తర్రగోనా సీసాలోనిదే అసలు సరుకు. ఆ పాతికేళ్ళ విషయంలో లేబుల్‌ను నమ్మినవాడు మోసపోతాడు, చరిత్ర చదివినవాడు గట్టెక్కుతాడు.

మామూలుగా విస్కీ, బ్రాందీ వంటివి సీసాలోకి ఎక్కాక అంతగా మారవు. షార్త్రూజ్ సీసాలో కూడా ఏళ్ళ తరబడి మారుతుందని, ఘాటు మెత్తబడి రుచి లోతెక్కుతుందని ప్రసిద్ధి. పాతబడిన కొద్దీ ఆకుపచ్చ వెలిసి బంగారు ఛాయకు తిరుగుతుంది. 1963 నుంచి పీపాల్లో మరింత ఎక్కువ కాలం నిలవ ఉంచిన ‘వీఈపీ’ అనే రకాన్ని విడిగా అమ్ముతున్నారు.

అమెరికాలో అమ్మిన సీసాలకు ఇక్కడి చట్టాలే తేదీలు చెబుతాయి. సీసా మీద ‘తిరిగి అమ్మడం, వాడడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు గాజులోనే పోత పోసి ఉంటే అది 1935, 1964 మధ్యది. కొలత ఔన్సుల్లోనో క్వార్టుల్లోనో మాత్రమే ఉంటే 1980కి ముందుది. గర్భిణులు తాగరాదన్న ప్రభుత్వ హెచ్చరిక లేకపోతే 1989 నవంబరుకు ముందుది. ప్రూఫ్ అంకె ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. ఆకుపచ్చ రకం మీద 110 అని ఉండేది అందుకే.

కొత్త సీసాల గుర్తు మరీ తమాషాగా ఉంటుంది. వాటి మీద ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి మూడంకెలకు 1084 కలిపితే సీసాలో నింపిన సంవత్సరం వస్తుంది. మిగిలిన మూడు ఆ సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి. మొదటి మూడంకెలు 930 అయితే ఆ సీసా 2014 నాటిది. సంప్రదాయం పుట్టిన సంవత్సరమే వారికి శక ఆరంభం. మన పంచాంగాల్లో శాలివాహన శకం లెక్కలాగే!

కొనేవారికి ఒకటి రెండు జాగ్రత్తలు. వైన్ సీసాలాగా దీన్ని పడుకోబెట్టకూడదు, ఘాటైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచాలి. ద్రవం మట్టం బాగా దిగితే బిరడా కారుతున్నట్టే. పాత మద్యం కొనుగోళ్ళ నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కెంటకీ రాష్ట్రం 2017లో చేసిన చట్టం, ఇళ్ళలోని పాత సీసాలను లైసెన్సున్న దుకాణాలు కొని అమ్మేందుకు వీలు కల్పించింది. మీ రాష్ట్రం సంగతి ముందుగా కనుక్కోవడం మంచిది.

చాలు అన్నవారు

పట్టణం నడుమ అంత ఆల్కహాల్ నిలవ ఉండడం ప్రమాదమని తయారీని వ్వారోన్ నుంచి ఎగ్వెన్వార్ అనే పల్లె ప్రాంతానికి మార్చారు. 2018లో అక్కడ కొత్త బట్టీశాల మొదలైంది. ఆ తరువాత అమెరికాలో కాక్‌టెయిల్ ప్రియుల వల్ల గిరాకీ విపరీతంగా పెరిగింది. ఏ వ్యాపారి అయినా రెండో బట్టీ పెట్టేవాడు. సన్యాసులు మాత్రం 2021లో తయారీ పెంచకూడదని నిర్ణయించుకున్నారు. ఏటా సుమారు 16 లక్షల సీసాల దగ్గర ఆగిపోయారు. 2023 మొదట్లో ఆ సంగతి బయటపడేసరికి దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి, మామూలు సీసాలు కూడా దాచుకునే వస్తువులయ్యాయి. సన్యాసులు చెప్పిన కారణం సూటిగానే ఉంది. తాము కొండల్లోకి వెళ్ళింది మద్యం చేయడానికి కాదు, ప్రార్థనకూ ఏకాంతానికీ. మఠం ఖర్చులకు ఎంత కావాలో అంత చేస్తే చాలు.

ఈ సంచిక చదివే మనలో చాలామంది రెండు సూట్‌కేసులతో ఇక్కడ దిగినవాళ్ళం. ఆ సన్యాసులను వెళ్ళగొట్టారు, మనం కోరి వచ్చాం. రెండూ ఒకటి కావు. అయినా వారి కథలో మనం గమనించవలసింది ఒకటి ఉంది. పాతికేళ్ళకు పైగా పేరు లేకుండా బతికిన ఆ పానీయం, చేసే పద్ధతిని ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చినందువల్లే బతికింది. నేర్చుకునే వారు ఆ ఒక్క తరంలో కరవై ఉంటే, కోర్టులు ఎన్ని తీర్పులు ఇచ్చినా వారికి మిగిలేది ఒట్టి లేబులే. మన పిల్లలకు మనం తెలుగువారన్న పేరు ఎలాగూ ఇస్తున్నాం. దాంతో పాటు పాళ్ళు కూడా నేర్పుతున్నామా?