కత్తి కింద ఏ కొడుకు?

బక్రీద్ దగ్గర పడిందంటే కర్నూలు, కడప సీమ సంతల్లో బేరానికి ముందు పొట్టేలు నోరు తెరిచి చూస్తారు. పళ్ళు వేసిందా, ఏడాది నిండిందా అని. కుంటిదీ గుడ్డిదీ ఖుర్బానీ బలికి పనికిరాదు. కొమ్ము తడుముతారు, చెవి తిప్పి చూస్తారు, ధర మాట ఆ తర్వాతే. ఇంత తనిఖీకి మూలం ఒక తండ్రి కథ. మసీదుకు పోయేవాళ్ళకు ఆయన ఇబ్రాహీం, చర్చికి పోయేవాళ్ళకు అబ్రాహాము. దేవుడడిగితే కన్నకొడుకు మీదనే కత్తి ఎత్తాడు, చివరికి కొడుకు బదులు పొట్టేలు బలైంది. ఆ కొడుకు శారా బిడ్డ ఇస్సాకని చర్చిలో చెబుతారు, హాజిరా బిడ్డ ఇస్మాయిలని మసీదులో.

కథ మొదట కనిపించేది యూదుల గ్రంథంలో, ఆదికాండం 22వ అధ్యాయంలో. ఇస్సాకు పేరు అక్కడ స్పష్టంగానే ఉంది. చిక్కల్లా ఆ పేరు పక్కనున్న 'ఒక్కగానొక్క కొడుకు' అన్న మాటతోనే. అదే గ్రంథం లెక్కన ఇస్మాయిల్ పుట్టేటప్పటికి తండ్రికి 86 ఏళ్ళు, ఇస్సాకు పుట్టేటప్పటికి 100. పద్నాలుగేళ్ళ అన్న ఉండగా తమ్ముడు ఒక్కగానొక్కడు ఎట్లా అయ్యాడు? పెద్దవాణ్ణి అప్పటికే తల్లితో సహా ఇల్లు దాటించారు కదా, దేవుడు మాటిచ్చిన బిడ్డ వీడే అని ఒక జవాబు. తమ్ముడు పుట్టకముందు ఆ మాట పెద్దకొడుక్కే పొసుగుతుందని ముస్లిం పండితుల జవాబు.

ఖురాన్ 37వ సూరాలో ఈ కథ ఉంది, కొడుకు పేరు మాత్రం లేదు. తొలి వ్యాఖ్యాతల్లోనే రెండు పక్షాలున్నాయి. 923లో చనిపోయిన తబరీ అంతటివాడు ఇస్సాకు వైపే మొగ్గాడు. 14వ శతాబ్దంలో ఇబ్న్ కసీర్ ఇస్మాయిలేనని గట్టిగా వాదించాడు. బలి కథ ముగిశాకే ఇస్సాకు పుడతాడన్న శుభవార్త వస్తుంది కదా అన్నది ఆ పక్షానికి పెద్ద ఆధారం. ఇప్పుడు మసీదులో మనం వినేది ఆ నిర్ణయమే. ఆది నుంచీ రెండు మతాల మధ్య ఉన్న తగాదా అనుకుంటాం గానీ, ఇస్మాయిలని తేల్చింది తర్వాతి వ్యాఖ్యాతలు.

క్రైస్తవులు కట్టెలు మోసుకుంటూ కొండెక్కిన ఇస్సాకులో సిలువ మోసిన యేసును చూశారు. యూదులు కొత్త సంవత్సరపు పండుగలో ఈ అధ్యాయం చదువుతారు, పొట్టేలు కొమ్ము ఊదుతారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం తెలుగువాళ్ళూ ఉన్నారు.

మన సీమకు ఈ కథ మసీదుతో ముందు వచ్చింది, మిషన్‌తో తర్వాత. లండన్ మిషనరీలు కడపలో దిగింది 1822లో. కర్నూలు 1839 దాకా నవాబుల కిందే ఉంది. ఖురాన్‌ను మొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కాలేజీ పంతులు. అది 1925లో వచ్చింది. 

కొడుకును దేవుడికిచ్చిన తండ్రి మనకు కొత్తేం కాదు. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి ఉన్నాడు. అక్కడ కత్తి ఆగదు. కొడుకు సిరియాలుణ్ణి కోసి వండి వడ్డించాకే శివుడు బిడ్డను తిరిగిస్తాడు. అబ్రాహాము చెయ్యి మధ్యలోనే ఆగింది, పొట్టేలు దొరికింది.

నన్నడిగితే పేరు కంటే పెద్ద తేడా వేరే ఉంది. ఆదికాండంలో దారిపొడవునా తండ్రి అసలు సంగతి దాస్తాడు. గొర్రెపిల్ల ఏదని కొడుకే అడగాల్సి వస్తుంది. ఖురాన్‌లో తండ్రి తన కల చెప్పి, నీవేమంటావని కొడుకునే అడుగుతాడు.