స్ఫటికాల నుంచి రక్షణ శాఖకు: సూరి భగవంతం పరిశోధన జీవితం

పల్నాడులో యుద్ధమనగానే కారెంపూడి, కోడిపందెం, నాయకురాలు నాగమ్మ గుర్తొస్తారు. ఆ ఛాయలకు వచ్చిన మరో యుద్ధాన్ని పెద్దగా ఎవరూ తలచుకోరు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని గుంటూరు చేరింది. పల్నాటి ఊళ్లైన నరసరావుపేట, గురజాల, మాచర్ల అప్పట్లో గుంటూరు జిల్లాలోవే. ఆ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు సూరి భగవంతం (1909–1989). నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర పరిశోధనలో చేరినవారు.

ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరుగా పనిచేశాక, 1961లో ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1969 దాకా రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో బాధ్యత ఆయనదే. ఇక్కడితో శాస్త్రవేత్త ముగిసి అధికారి మొదలయ్యాడనుకోవడం తేలిక. ఆయన రాసినవి చూస్తే ఆ మాట నిలవదు.

1942 నాటి ఫలితాన్నే తీసుకుందాం. పారదర్శక స్ఫటికాన్ని నొక్కితే దానిలో కాంతి నడక మారుతుంది. ఘనాకార వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నిటికీ ఆ మార్పును చెప్పడానికి మూడు స్థిరాంకాలు చాలని జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ లెక్కగట్టారు. ఆ స్ఫటికాల్లో రెండు తరగతులకు నాలుగు కావాలని భగవంతం, సౌష్ఠవాన్ని లెక్కగట్టే సమూహ సిద్ధాంతంతో నిరూపించారు. కిరాణా కొట్లో దొరికే పటిక ఆ తరగతుల్లో ఒకదానిదే. పటిక స్ఫటికాన్ని ఒక అక్షం వెంట నొక్కితే, మిగిలిన రెండు అక్షాల వెంట కలిగే ప్రభావం ఒకేలా ఉండనక్కర్లేదు. పైకి సరిసమానంగా కనిపించే ఆకారంలో అంతటి సౌష్ఠవం లేదన్నమాట.

ఈ సౌష్ఠవ గణితానికీ సైన్యానికీ ఏమిటి సంబంధం? నొక్కితే విద్యుత్తు పుట్టే గుణం కేంద్ర సౌష్ఠవమున్న స్ఫటికానికి ఉండదు. క్వార్ట్జ్‌కు ఆ సౌష్ఠవం లేదు. అందుకే మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లాంజెవిన్ జలాంతర్గాముల జాడ తీయడానికి క్వార్ట్జ్ పలకలను వాడగలిగారు. సైనిక రేడియోల్లో పౌనఃపున్యాన్ని కుదురుగా ఉంచిందీ క్వార్ట్జే. ఏ గుణం ఏ పదార్థంలో అసాధ్యమో ముందే చెప్పగలగడం ఆయుధ పరిశోధనలో చిన్న విషయం కాదు. డీఆర్‌డీవో అధిపతిగా ఉంటూనే, 1966లో, ఆయన స్ఫటిక సౌష్ఠవం మీద గ్రంథం వెలువరించారు. రెండు యుద్ధాలు చూసిన కుర్చీలో కూర్చుని అలాంటి పుస్తకం రాయడం, నా దృష్టిలో, ఏ పదవికన్నా ఎక్కువ చెబుతుంది.

డీఆర్‌డీవో 1958లో పుట్టింది. నాలుగేళ్లకే చైనా యుద్ధం. భగవంతం హయాంలో హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల ఊరుగా మారసాగింది. లోహ పరిశోధనకు డీఎమ్ఆర్ఎల్ 1963లో ఏర్పడింది. ఆ ఖ్యాతంతా ఆయన ఒక్కరికే కట్టబెట్టడం అతిశయోక్తి. చేతికి అందని ఫలితాలూ ఉన్నాయి: క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ తలకెత్తుకున్న ట్యాంకు విధ్వంసక క్షిపణి సైన్యంలోకి రాలేదు. 1970లో ఏర్పడ్డ క్షిపణి తయారీ సంస్థ బీడీఎల్ ఫ్రెంచివారి ఎస్ఎస్-11 క్షిపణితోనే మొదలైంది.

శాస్త్ర సలహాదారు కుర్చీలో భగవంతానికి ముందు కొఠారీ, తర్వాత నాగ్‌చౌధురి, ఎం.జి.కె. మేనన్, రాజా రామన్న. అందరూ భౌతికశాస్త్రజ్ఞులే. 1982లో ఆ వరుస తెగింది. ఆ ఏడు వచ్చిన అరుణాచలం లోహశాస్త్రజ్ఞుడు. డీఎమ్ఆర్ఎల్ డైరెక్టరుగా పనిచేసినవారు.