అపూపము నుండి అరిసె వరకు

సంక్రాంతి సమీపిస్తున్నది. ఈ పండుగకు ముందు ఉత్తరాయణ పుణ్యకాలాన్ని గురించి, దానధర్మాలను గురించి ప్రసంగించడం పరిపాటి. ఈనాడు నేను వంటింటిని గురించి మనవి చేయదలచాను. వేదం చదువుకొన్నవానికి అరిసెల ప్రసక్తి ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. డెబ్బది ఏండ్లు దాటిన ఈ జీవితంలో నేను చాల ఆలస్యంగా గ్రహించిన పాఠం ఒకటి అరిసెల పొయ్యి దగ్గరనే దొరికినది. ముందుగా ఆ పిండివంట పూర్వచరిత్రను కొంత చెప్పి, పిమ్మట ఆ పాఠానికి వస్తాను.

ఋగ్వేదంలో అపూపమనే మాట ఉన్నది. అపూపమనగా పిండితో చేసిన అప్పచ్చి. మూడవ మండలంలో వేపిన గింజలతోను, కరంభంతోను పాటు అపూపాన్ని ఇంద్రునికి సమర్పించే ప్రస్తావన కనబడుతుంది. పదవ మండలంలో నేతితో కూడిన అపూపం అగ్నిదేవునికి అర్పింపబడుతుంది. యజ్ఞాలలో కపాలాల మీద కాల్చే పురోడాశం కూడ పిండితో చేసినదే. కొత్త పంట ఇంటికి రాగానే ముందు దేవతలకు సమర్పించి, ఆ తరువాతనే తాము భుజించాలని ఆగ్రయణేష్టి విధింపబడినది.

గృహ్యసూత్రాలలో అష్టకలనే పితృకర్మలు ఉన్నవి. మార్గశీర్ష పూర్ణిమ గడచిన పిమ్మట చలికాలంలో వచ్చే బహుళాష్టములు వాటికి కాలం. వాటిలో ఒకదానిని అపూపాలతో చేస్తారు కనుక దానికి అపూపాష్టక అని పేరు వచ్చినది. మన పల్లెలలో సంక్రాంతిని పెద్దల పండుగ అంటారు. కొత్త బట్టలు, కొత్త బియ్యంతో చేసిన పిండివంటలు పెద్దల పేరు చెప్పి పెట్టుకొని, ఆ తరువాతనే పిల్లలకు పంచుతారు. నాటి అపూపమే నేటి అరిసె అని నేను సమీకరణం చేయడం లేదు. అయితే ధాన్యపు పిండి, నెయ్యి, చలికాలం, పితృదేవతలు ఈ నాలుగూ ఒక్కచోట కలవడం మాత్రం నిన్న మొన్నటి సంగతి కాదు.

పాణిని మహర్షి కూడ అపూపాన్ని విడిచిపెట్టలేదు. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం మొదటి పాదంలో హవిస్సులను, అపూపాదులను చెప్పి, వాటికి తగిన ద్రవ్యాన్ని తెలిపే ప్రత్యయాన్ని వికల్పంగా విధించినాడు. దానివలన అపూపాలకు తగిన బియ్యాన్ని అపూప్యములనవచ్చును, అపూపీయములనవచ్చును. ఏ బియ్యం పడితే ఆ బియ్యం అప్పచ్చులకు పనికిరాదన్న వంటింటి రహస్యం వ్యాకరణానికి ఎక్కినదన్న మాట.

ఇక తీపి సంగతి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని చెరకు రసం నుండి వచ్చే ఐదు పదార్థాలు ఒక వర్గంగా పేర్కొనబడినవి. వీటిలో గుడమే మన బెల్లం. క్రీస్తుశకం పన్నెండవ శతాబ్దంలో కల్యాణిని ఏలిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమనే గ్రంథంలో అన్నభోగాన్ని ప్రత్యేకంగా వర్ణించినాడు. అందులో పోలికలు, వటకాలు మొదలైన వంటకాలు చేసే విధానంతో సహా ఉన్నవి. రాజు పళ్ళెంలోకి వచ్చిన వంటకానికి ఆనాడే గ్రంథస్థమయ్యే భాగ్యం కలిగినది.

దేవాలయాల వైపు చూస్తే మరింత స్పష్టమైన సాక్ష్యం ఉన్నది. విజయనగర కాలపు తిరుమల శాసనాలలో స్వామికి జరిగే నైవేద్యాల పట్టికలు కనబడతాయి. అప్పపడి, వడపడి, అతిరసపడి అని ఒక్కొక్క వంటకానికి ఒక్కొక్క పేరు. వీటికి కావలసిన బియ్యం, నెయ్యి, బెల్లం వంటి సామగ్రి కొలతలతో సహా శిలల మీద చెక్కించినారు. ఈ శాసనాలను దేవస్థానం వారు 1930లలో సంపుటాలుగా ప్రకటించినారు. ఆ అతిరసమే మన అరిసెకు తోబుట్టువు. తమిళులు అధిరసమన్నా, కన్నడిగులు కజ్జాయమన్నా, మహారాష్ట్రులు అనారసమన్నా, ఒరియావారు అరిసా పిఠా అన్నా, బియ్యపు పిండిని బెల్లంతో కలిపి వేయించే కుటుంబమంతా ఒక్కటే.

ఇంత చరిత్రలో ఒక లోపమున్నది. దాత పేరు శాసనంలో ఉన్నది. రాజు పేరు గ్రంథంలో ఉన్నది. సూత్రకారుని పేరు శాస్త్రంలో ఉన్నది. పిండి దంచిన చేతి పేరు, పాకం పట్టిన చేతి పేరు ఎక్కడా లేవు. ఇప్పుడు మా ఇంటి కథ చెబుతాను.

మాది కోనసీమలోని ఒక అగ్రహారం. మా మేనత్తగారు బాల్యంలోనే వైధవ్యం పొంది పుట్టింటికి చేరినారు. పేరంటాలకు పిలుపు లేదు. శుభకార్యంలో ఎదురుగా నిలబడే అధికారం లేదు. కాని సంక్రాంతికి పది రోజుల ముందు నుండి ఇల్లంతా ఆమె చేతి మీదనే నడిచేది. సున్నుండలు, జంతికలు, చేగోడీలు, పొంగడాలు అన్నీ అయిన తరువాత చివరకు అరిసెలు. పెరటిలో గాడిపొయ్యి తవ్వి, దాని మీద పెద్ద ఇత్తడి గిన్నె పెట్టేవారు.

ఆ పద్ధతి ఇది. కొత్త బియ్యం కడిగి ఒక పగలు, ఒక రాత్రి నానవేయాలి. మధ్యలో నీరు మార్చాలి. తెల్లవారిన తరువాత వడగట్టి, నీడలో బట్ట మీద కొద్దిసేపు పరచి, చెమ్మ ఉండగానే రోట్లో దంచి, జల్లించాలి. నేటి లెక్కలో కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బెల్లంలో కొద్దిగా నీరు పోసి కరిగించి, వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి అందులో పాకపు చుక్క వేస్తే అది కరిగిపోకుండా మెత్తని ఉండగా చేతికి రావాలి. లేత పాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే రాయి అవుతుంది. ఉండపాకం రాగానే గిన్నె దింపి, ఒకరు పిండి పోస్తూ ఉండగా మరొకరు ఆపకుండా కలపాలి. అది చలిమిడి అవుతుంది. అందులో నెయ్యి, నువ్వులు వేసి, అరటి ఆకు మీద తట్టి, సన్నని సెగ మీద వేయించి, చెక్కల మధ్య ఒత్తి నెయ్యి తీయాలి.

నివేదనకు కావలసిన పిండిని మేనత్తగారే మడితో దంచుకొనేవారు. మిగిలిన కుంచాల కొద్దీ బియ్యాన్ని దంచడానికి ఊరి చివరి నుండి ఒకామె వచ్చేది. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెను పొయ్యి దగ్గరకు రానిచ్చేవారము కాము. ఆమె రోలు ఒక వైపు, మా గాడిపొయ్యి ఒక వైపు. నడుమ పది అడుగుల దూరం.

నాకు పద్నాలుగవ ఏట, పాఠశాల నుండి పండుగకు ఇంటికి వచ్చినాను. అపూప సూత్రం అప్పుడే కొత్తగా చదివి ఉన్నాను. మేనత్తగారు బియ్యం ఏరుతుండగా దగ్గరకు వెళ్ళి, "అత్తయ్యా, అపూపాలకు తగిన బియ్యాన్ని ఏమంటారో నీకు తెలుసా?" అని గర్వంగా అడిగినాను. ఆమె ఒక గింజ తీసి పంటి కింద కొరికి చూసి, "పేరు నాకు తెలియదు నాయనా. బియ్యం తెలుసు" అన్నారు. కొంతసేపు ఆగి, "ఇలా కూర్చో. పాకం చూపిస్తాను. నా తరువాత ఈ ఇంట్లో ఎవరో ఒకరికి తెలియాలి కదా" అన్నారు. నేను నవ్వి, "అది ఆడవారి పని అత్తయ్యా. నాకు పనసలు వల్లె వేసుకోవాలి" అని లేచి వచ్చేసినాను. ఆమె మరి నన్నెప్పుడూ పిలువలేదు.

కొన్నేళ్ళకు ఆమె పరమపదించినారు. అప్పటికి మా ఊరికి పిండిమర వచ్చినది; కుంచాలు, మానికలు, వీశెలు పోయి కిలోలు వచ్చినవి. తడి బియ్యాన్ని మరలో పోయనివ్వరు కనుక మా అమ్మగారు బియ్యాన్ని బాగా ఎండబెట్టి మరకు పంపినారు. పిండి మల్లెపువ్వులా వచ్చినది. బెల్లం అదే, పాకం అదే. కాని అరిసెలు సగం నూనెలో విచ్చిపోయినవి. తక్కినవి పంటికి లొంగలేదు. మరుసటి ఏడు కూడ అంతే. "ఆ చేతి మహిమ ఆ చేతితోనే పోయింది" అని ఇంటిల్లిపాదీ అనుకొన్నాము.

ఆ రెండవ ఏడు పండుగ మామూలుకు, పూర్వం మా ఇంట బియ్యం దంచిన ఆమె వచ్చినది. మర వచ్చిన తరువాత ఆమెకు మా ఇంట పని లేకుండా పోయినది. వసారాలో పళ్ళెంలో ఉన్న విరిగిన అరిసెలను చూసి, అమ్మతో ఇలా అన్నది: "పాకం తప్పు కాదండీ అమ్మగారూ. పిండి ఆరిపోయింది. ఆ అమ్మగారు నేను దంచిన పిండిని పిడికిట పట్టి చూసేవారు. ముద్ద నిలిస్తేనే తీసుకొనేవారు. నిలవకపోతే తిట్టి మళ్ళీ తడిబట్ట కప్పించేవారు. పాకం దింపేదాకా పిండిని అదిమి మూతపెట్టి ఉంచేవారు."

పది అడుగుల దూరం నుండి ఇరవై ఏండ్లు చూసినది ఆమె. పొయ్యి పక్కన కూర్చోమని పిలిస్తే లేచి వచ్చినవాడను నేను.

మరుసటి సంక్రాంతికి అమ్మ ఆమెనే పిలిపించి, మూలపడిన రోలును కడిగించినారు. ఆ ఏడు అరిసె కుదిరినది. దేవునికి, పెద్దలకు చూపిన తరువాత మొదటి ఆకు ఆమెకే వేసి, పెరటి అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ స్వయంగా వడ్డించినారు. మా ఇంట అంతకు ముందు జరగని పని అది. ఎవరూ ఏమీ అనలేదు.

భగవద్బంధువులారా! పతంజలి మహర్షి మహాభాష్యంలో ఋగ్వేదానికి ఇరువదియొక్క శాఖలు, యజుర్వేదానికి నూటయొక్కటి, సామవేదానికి వేయి, అథర్వవేదానికి తొమ్మిది అని లెక్క చెప్పినాడు. నేడు మిగిలినవి వేళ్ళ మీద లెక్కింపదగినవి. తక్కినవి ఏమైనవి? వాటిని ఎవరూ తగలబెట్టలేదు. చివరిగా వచ్చినవాడు పోయేనాటికి ఎదుట కూర్చున్న శిష్యుడు లేడు, అంతే. పాకం కూడ అటువంటి విద్యయే. కాగితం మీద బెల్లం కొలత వ్రాసుకోవచ్చును. పిడికిటిలో పిండి నిలిచే తీరు వ్రాతకు అందదు, పక్కన కూర్చోవలసినదే.

2009లో తిరుపతి లడ్డుకు, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషించవలసిన విషయమే. ఊరి పేరుకు రక్షణ కలిగినది. ఇంటి చేతికి రక్షణ ఇవ్వవలసినవారము మనమే. అంగడిలో కొని తెచ్చుకోవడం దోషమని నేననను. అందరికీ తీరిక ఉండదు. కాని ఈ పండుగకు ఒక్క వంటకమైనా మీ ఇంటి పెద్దల పక్కన కూర్చొని నేర్చుకోండి. మగపిల్లలను కూడ కూర్చోబెట్టండి. మీ ఇంటి రుచి ఎవరెవరి కష్టంతో ఏర్పడినదో, ఇంటివారిలోనే కాక బయటివారిలో కూడ, విచారించి వారి పేర్లు పిల్లలకు చెప్పండి.

మహాలయ పక్షంలో కారుణ్య పితృదేవతలకు తిలోదకాలు విడిచే వరుసలో మేనత్తకు స్థానమున్నది. బ్రతికి ఉన్నప్పుడు నేను ఆమె మాట వినలేదు. ఏటేటా ఆమె పేరు చెప్పి నువ్వులు, నీళ్ళు విడుస్తున్నాను. అరిసె మీద ఆమె చల్లిన నువ్వులే గుర్తుకు వస్తాయి. వరుస అంతా ముగిసిన తరువాత, ఏ బంధుత్వమూ లేని వారిని కూడ తృప్తి పరచడానికి విడిచే దోసిలి ఒకటి ఉన్నది. ఆ దోసిలి విడిచేటప్పుడు బియ్యం దంచిన ఆ తల్లిని తలచుకొంటాను.

స్వస్తి.